లేని ఫోన్‌పై పరీక్ష: బ్రౌజర్ ఇంజిన్ల నిర్మాణంలో సిమ్యులేటర్ అమరిక

సెల్‌ఫోన్ తెరపై ఒక వెబ్ పేజీ కనిపించిందంటే, సర్వర్ నుంచి వచ్చిన అక్షరాల వరుసను చదివి, ఏ పేరా ఎక్కడ మొదలుకావాలో, ఏ బొమ్మ ఎంత వెడల్పు ఉండాలో, ఏ అక్షరం ఏ ఆకృతిలో పడాలో లెక్కగట్టి, ఆ లెక్కను రంగుల చుక్కలుగా మార్చే ఒక పెద్ద ప్రోగ్రామ్ తన పని ముగించిందని అర్థం. ఆ ప్రోగ్రామ్‌నే బ్రౌజర్ ఇంజిన్ అంటారు. చిరునామా పెట్టె, వెనక్కి వెళ్లే బాణం, బుక్‌మార్కులు వంటివి బ్రౌజర్ పైతొడుగు మాత్రమే. పేజీని నిజంగా నిర్మించేది లోపలి ఇంజిన్. నేడు విస్తృతంగా వాడుకలో ఉన్న ఇంజిన్లలో ప్రధానమైనవి మూడు: క్రోమ్‌లోని బ్లింక్, ఫైర్‌ఫాక్స్‌లోని గెకో, సఫారీలోని వెబ్‌కిట్. వీటిలో వెబ్‌కిట్‌ను ఫోన్ల కోసం పరీక్షించే పద్ధతి, లేని ఫోన్‌ను కంప్యూటర్‌లో సృష్టించి దానిపై వేలాది పరీక్షలను మనిషి చేయి తగలకుండా నడిపించే విధానాన్ని అర్థం చేసుకోవడానికి చక్కని ఉదాహరణ.

కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందం కాంకరర్ బ్రౌజర్ కోసం రాసిన కేహెచ్‌టీఎంఎల్, కేజేఎస్ అనే రెండు భాగాలను ఆధారంగా తీసుకుని యాపిల్ సంస్థ 2001లో వెబ్‌కిట్ పనిని ప్రారంభించింది. దానిపై నిర్మించిన సఫారీని 2003 జనవరి 7న ప్రకటించింది. 2005 జూన్‌లో ఇంజిన్ మొత్తాన్ని బహిరంగ అభివృద్ధికి తెరిచింది. 2007లో ఐఫోన్ రావడంతో డెస్క్‌టాప్ కోసం పుట్టిన ఈ ఇంజిన్ అరచేతి తెరపైకి చేరింది. ఐఫోన్‌లో ఏ సంస్థ బ్రౌజర్ అయినా లోపల వెబ్‌కిట్‌నే వాడాలన్న నిబంధన చాలాకాలం అన్ని దేశాల్లోనూ కొనసాగింది. 2024 మార్చిలో విడుదలైన ఐఓఎస్ 17.4 అనే ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ సంచికతో యూరోపియన్ యూనియన్ దేశాల్లో తొలిసారి ఇతర ఇంజిన్లకు వీలు కలిగింది. ఇలాంటి స్థితిలో ఇంజిన్‌లో దొర్లిన ఒక్క పొరపాటు ఒక్క బ్రౌజర్‌తో ఆగక, ఆ ఫోన్‌లోని బ్రౌజర్లన్నింటికీ, తమలోపల వెబ్ పేజీలు చూపించే ఇతర యాప్‌లకూ పాకుతుంది కనుక, ప్రతి మార్పునూ విడుదలకు ముందే పరీక్షించడం తప్పనిసరి అవుతుంది.

అనుకరణలో రెండు దారులు

ప్రతి మార్పునూ నిజమైన ఫోన్లపైనే పరీక్షించాలంటే రకరకాల ఫోన్లను కొని, ఛార్జింగ్‌లో ఉంచి, కేబుళ్లతో కలిపి, మొరాయించినప్పుడల్లా ఎవరో ఒకరు వెళ్లి సరిచేయాల్సి వస్తుంది. అందుకే అభివృద్ధికారులు ఫోన్‌ను కంప్యూటర్‌లోనే అనుకరిస్తారు. ఈ అనుకరణ రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది ఎమ్యులేటర్: ఇది ఫోన్ యంత్రభాగాలనే సాఫ్ట్‌వేర్‌గా తిరిగి సృష్టించి, వాటిపై ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను దాని కెర్నెల్‌తో సహా, అంటే యంత్రాన్ని నేరుగా నడిపే కేంద్రభాగంతో సహా, పూర్తిగా నడిపిస్తుంది. క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడిన ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ ఈ కోవకు చెందినది. రెండోది సిమ్యులేటర్: ఇది యంత్రాన్ని అనుకరించదు, ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని పైపొరలను, అంటే యాప్‌లు ఆధారపడే కోడ్ సంపుటాలను, కంప్యూటర్ ప్రాసెసర్‌కు తగినట్టు తిరిగి తయారుచేసి, కంప్యూటర్ కెర్నెల్‌పైనే నడిపిస్తుంది. యాపిల్ 2008లో అభివృద్ధికారులకు ఇచ్చిన ఐఫోన్ పరికరాల సమితితో వచ్చిన సిమ్యులేటర్ ఈ రెండో రకానిది.

ఈ తేడా పేరుకు సంబంధించినది మాత్రమే కాదు, పరీక్ష ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో నిర్ణయించేది కూడా. యంత్రాన్ని అనుకరించే భారం లేనందున సిమ్యులేటర్ త్వరగా మొదలై వేగంగా పనిచేస్తుంది. యాపిల్ సిమ్యులేటర్ తాను నడిచే మ్యాక్ కంప్యూటర్ నెట్‌వర్క్‌నే పంచుకుంటుంది కనుక, 127.0.0.1 అనే సొంతయంత్రపు చిరునామాను అడిగిన పేజీకి మ్యాక్‌లో నడుస్తున్న పరీక్షా సర్వరే బదులిస్తుంది. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో అదే చిరునామా ఎమ్యులేటర్‌నే సూచిస్తుంది. దాన్ని నడిపిస్తున్న కంప్యూటర్‌ను చేరాలంటే 10.0.2.2 అనే ప్రత్యేక చిరునామాను వాడాలి. మరోవైపు, సిమ్యులేటర్ కోసం తయారుచేసిన ఇంజిన్, ఫోన్ కోసం తయారుచేసిన ఇంజిన్ ఒకే మూలకోడ్ నుంచి పుట్టినా రెండు వేర్వేరు ఉత్పత్తులుగా మిగులుతాయి. యాపిల్ సొంత ప్రాసెసర్లతో 2020 నవంబరులో మ్యాక్‌లు రావడం మొదలయ్యాక ఫోన్, కంప్యూటర్ ఒకే జాతి ప్రాసెసర్లపై నడుస్తున్నాయి గానీ, ఈ విభజన మాత్రం తొలగిపోలేదు.

పరీక్ష అంటే ఏమిటి

సిమ్యులేటర్‌ను ఎలా అమర్చాలో తెలియాలంటే, దానిపై నడిచే పరీక్ష స్వరూపం ముందు తెలియాలి. వెబ్‌కిట్‌లో లేఅవుట్ టెస్టులు అని పిలిచే పరీక్షల్లో చాలావరకు చిన్న చిన్న వెబ్ పేజీలే. ప్రతి పేజీకి పక్కనే ఆశించిన ఫలితం ఒక ఫైలుగా ఉంటుంది; ఇంజిన్ పేజీని నిర్మించాక వచ్చిన ఫలితాన్ని ఆ ఫైలుతో పోలుస్తారు. కొన్ని పరీక్షల్లో ఫలితం కేవలం పాఠ్యం. పేజీలో రాసిన జావాస్క్రిప్టు ప్రోగ్రామ్ తన లెక్కలను తానే సరిచూసుకుని ఉత్తీర్ణమో విఫలమో రాస్తుంది. మరికొన్నింటిలో పేజీలోని ప్రతి పెట్టె ఎక్కడ మొదలై ఎంత పొడవు వెడల్పులతో ఉందో చెప్పే జాబితా ఫలితమవుతుంది. ఉదాహరణకు 800 పిక్సెళ్ల వెడల్పున్న కిటికీలో, చుట్టూ 8 పిక్సెళ్ల సహజ అంచు వదిలే ఖాళీ పేజీ ప్రధానభాగం వెడల్పు 784 అని జాబితాలో రావాలి. 783 వస్తే పరీక్ష తప్పినట్టే.

మూడో రకంలో రెండు పేజీలు ఉంటాయి. పరీక్షించదలచిన కొత్త సదుపాయంతో ఒకటి, అదే రూపాన్ని బాగా రుజువైన పాత పద్ధతిలో సాధించేది మరొకటి. రెండింటి చిత్రాలు సరిపోలితే ఇంజిన్ సరిగా పనిచేసినట్టు. ఇక నాలుగో రకానికి పోల్చదగిన చిత్రంతో నిమిత్తం లేదు. పేజీని తెరిచినప్పుడు ఇంజిన్ కూలిపోకుండా నిలబడితే చాలు. ఒకప్పుడు ఎవరో కనుగొన్న కూలుడు మళ్లీ తలెత్తకుండా కాపలా కాసేవి ఈ పరీక్షలే.

ఈ నాలుగు రకాలకూ ఒక ఉమ్మడి షరతు ఉంది: కోడ్ మారనప్పుడు ఫలితం మారకూడదు. ఒకే పేజీ ఒకే ఇంజిన్‌లో ఉదయం ఒక రకంగా, సాయంత్రం మరో రకంగా ఫలితమిస్తే, మరుసటిరోజు కనిపించిన తేడా కొత్త కోడ్ వల్ల వచ్చిందో పరిసరాల వల్ల వచ్చిందో తేల్చే దారి ఉండదు. కనుక పరీక్షల కోసం సిమ్యులేటర్‌ను అమర్చడమంటే దాన్ని నిజమైన ఫోన్‌కు వీలైనంత దగ్గరగా తేవడం అని సాధారణంగా అనుకునేదానికి భిన్నంగా, నిజమైన ఫోన్‌లో ఉండే చంచలత్వాన్ని దాని నుంచి ఒక్కొక్కటిగా తీసివేయడమే అసలు పని.

అమరికలోని అంచెలు

మొదటి అంచె ఫోన్ రకాన్ని, రన్‌టైమ్‌ను ఎంచుకోవడం. ఫోన్ రకం తెర పరిమాణాన్నీ పిక్సెళ్ల సాంద్రతనూ నిర్ణయిస్తే, రన్‌టైమ్ అంటే అందులో ఏ సంచిక ఐఓఎస్ ఉండాలో చెప్పే మూట. ఎక్స్‌కోడ్ అనే యాపిల్ అభివృద్ధి పరికరంతో పాటు వచ్చే సిమ్‌సీటీఎల్ అనే ఆదేశ సాధనం ఈ రెండింటినీ తీసుకుని కొత్త సిమ్యులేటర్‌ను సృష్టించి, దానికి ఒక విశిష్ట గుర్తింపు సంఖ్యను ఇస్తుంది. సృష్టించడం, మేల్కొల్పడం, యాప్‌ను ఎక్కించడం, నడపడం, ఆపడం, లోపలి సమాచారాన్ని తుడిచివేయడం వంటి పనులన్నీ ఆ సంఖ్యను పేర్కొంటూ ఆదేశాల రూపంలోనే జరుగుతాయి కనుక, ఎవరూ మౌస్ పట్టుకుని కూర్చోనక్కర లేకుండా మొత్తం క్రమాన్ని ఒక స్క్రిప్టులో రాసిపెట్టవచ్చు.

అయితే తెర ఎంపికలోనే ఒక చిక్కు ఉంది. తొలి ఐఫోన్ తెర వెడల్పు 320 పిక్సెళ్లు. 2010లో వచ్చిన ఐఫోన్ 4 అదే వెడల్పులో 640 పిక్సెళ్లను ఇమిడ్చింది. పేజీల్లోని అక్షరాలు సగానికి కుంచించుకుపోకుండా, పేజీ రచయిత వాడే పిక్సెల్‌ను తెరపైని భౌతిక పిక్సెల్ నుంచి వేరుచేసి, ఒకదానికి రెండేసి చొప్పున లెక్కించారు. తర్వాతి కాలంలో మూడేసి చొప్పున లెక్కించే ఫోన్లూ వచ్చాయి. పైగా డెస్క్‌టాప్ కోసం రాసిన పాత పేజీలు చిన్న తెరపై చెదిరిపోకుండా, రచయిత వేరే సూచన ఇవ్వనప్పుడు ఐఫోన్ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పున్నట్టు భావించి నిర్మించి, ఆపై తెరకు తగ్గట్టు కుదిస్తుంది. అందువల్ల రెండు రకాల ఫోన్లపై తీసిన చిత్రాలను నేరుగా పోల్చడం అర్థరహితం. ఒక పరీక్షా సమితికి ఒకే ఫోన్ రకాన్ని కట్టుబాటుగా ఉంచాలి.

రెండో అంచె మేల్కొల్పడం. సిమ్యులేటర్ మొదలైందని సాధనం ప్రకటించిన క్షణానికి లోపలి సేవలన్నీ సిద్ధమై ఉండవు. ఆ తొందరలో యాప్‌ను నడిపితే మొదటి కొన్ని పరీక్షలు కారణం లేకుండా గడువు దాటిపోతాయి. కనుక స్క్రిప్టు ‘మొదలైంది’ అన్న మాటతో తృప్తిపడక, యాప్‌ను నిజంగా నడపగల స్థితి వచ్చేవరకు వేచి ఉండి తరువాతి అడుగు వేయాలి.

మూడో అంచె అన్నింటికన్నా సూక్ష్మమైనది. ఐఓఎస్ రన్‌టైమ్‌లో అప్పటికే ఒక వెబ్‌కిట్ ఉంటుంది. పరీక్షించాల్సింది మాత్రం అభివృద్ధికారుడు కొత్తగా తయారుచేసుకున్న వెబ్‌కిట్. పరీక్షా యాప్ మొదలయ్యే సమయంలో కోడ్ సంపుటాలను ముందుగా ఏ ఫోల్డరులో వెదకాలో చెప్పే పరిసర చరరాశులను, అంటే ప్రోగ్రామ్‌కు పుట్టుకతోనే అందే సూచనలను, సరిగా అమర్చకపోతే యాప్ నిశ్శబ్దంగా రన్‌టైమ్‌లోని పాత ఇంజిన్‌నే వాడుకుంటుంది. పరీక్షలన్నీ ఉత్తీర్ణమవుతాయి, కానీ పరీక్షకు కూర్చున్నది వేరొకరు. 2010లో ప్రకటించిన వెబ్‌కిట్2 నమూనా నుంచి పేజీని నిర్మించే పనిని ప్రధాన యాప్ కాకుండా వేరే ప్రక్రియ, అంటే విడిగా నడిచే ప్రోగ్రామ్, చేస్తోంది కనుక, ఆ సూచనలు యాప్‌తో ఆగిపోకుండా అది పుట్టించే పిల్ల ప్రక్రియలకూ అందేలా చూడాలి.

నాలుగో అంచెలో చిన్నవిగా కనిపించే సెట్టింగులు వస్తాయి. భాష, ప్రాంతం అనే రెండింటి సంగతే చూస్తే, లక్ష అనే సంఖ్యను ప్రాంతానికి తగినట్టు రాయమని జావాస్క్రిప్టు కోరినప్పుడు భారతదేశానికి అమర్చిన ఫోన్‌లో 1,00,000 అనీ, అమెరికాకు అమర్చిన ఫోన్‌లో 100,000 అనీ వస్తుంది. రెండూ సరైనవే అయినా ఆశించిన ఫలితాల ఫైలులో ఉన్నది ఒక్కటే. కాలమండలం విషయంలోనూ ఇదే చిక్కు: హైదరాబాద్‌లోని యంత్రం ప్రపంచ ప్రామాణిక కాలానికి అయిదున్నర గంటలు ముందుంటుంది కనుక, తేదీ లెక్కలను పరీక్షించే పేజీ అక్కడ ఒక తేదీని, కాలిఫోర్నియాలో అంతకు ముందురోజు తేదీని చూపించవచ్చు. మ్యాక్ కీబోర్డును సిమ్యులేటర్‌కు కలిపి ఉంచితే తెరపై కీబోర్డు పైకి రాదు. అది రాకపోతే పేజీలో కనిపించే భాగం కుంచించుకోదు. ఆ కుంచింపును కొలిచే పరీక్ష తప్పుతుంది. స్వయంగా అక్షరదోషాలు దిద్దే సదుపాయం ఆపకపోతే పరీక్ష టైపుచేసిన పదం ఒకటి, పెట్టెలో మిగిలిన పదం మరొకటి అవుతాయి.

అక్షరాల ఫాంట్లకు మాత్రం పరీక్షకులు ఒక చక్కని ఉపాయం కనుగొన్నారు. ఫాంటు సంచిక మారినప్పుడల్లా అక్షరాల వెడల్పు కొద్దిగా మారి వరుసలు వేరేచోట విరిగే ప్రమాదం ఉన్నందున, అహెమ్ అనే ప్రత్యేక ఫాంటును వాడతారు. అందులో చాలా అక్షరాలు అచ్చంగా ఒక నిండు చతురస్రంగా కనిపిస్తాయి. అక్షర పరిమాణం 20 పిక్సెళ్లు అయితే ప్రతి అక్షరం 20 పిక్సెళ్ల వెడల్పు, 20 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. చదవడానికి ఏమాత్రం పనికిరాని ఈ ఫాంటు కొలవడానికి మాత్రం ఎంతో అనువైనది.

ఒకటి చాలనప్పుడు

వేలాది పరీక్షలను ఒక్క సిమ్యులేటర్‌పై వరుసగా నడిపితే ఫలితం కోసం గంటల తరబడి ఎదురుచూడాలి. 2017లో వచ్చిన ఎక్స్‌కోడ్ 9 ఒకేసారి అనేక సిమ్యులేటర్లను నడపడాన్ని సాధారణ సదుపాయంగా మార్చింది. వెబ్‌కిట్ పరీక్షా స్క్రిప్టు ఒకే రకం సిమ్యులేటర్లను కొన్నింటిని సృష్టించి, పరీక్షలను వాటి మధ్య పంచి, చివరికి ఫలితాలను ఒకచోట చేరుస్తుంది. ఎన్ని సిమ్యులేటర్లు అన్నది మాత్రం ఇష్టానుసారం నిర్ణయించగలిగేది కాదు. ఒక్కొక్కదానికి సుమారు 2 గిగాబైట్ల మెమొరీ కావాలని స్క్రిప్టు అంచనా వేసుకుంటుంది. అంతేకాక ప్రతి సిమ్యులేటర్ వందకు పైగా చిన్న చిన్న ప్రక్రియలను పుట్టిస్తుంది కనుక, ఆపరేటింగ్ సిస్టమ్ అనుమతించే ప్రక్రియల సంఖ్యకు ఉన్న పరిమితినీ చూసుకోవాలి. ఆశకొద్దీ సిమ్యులేటర్లను పెంచితే యంత్రం ఊపిరాడక నెమ్మదించి, కోడ్‌లో ఏ తప్పూ లేని పరీక్షలు కూడా గడువు దాటి విఫలమవుతాయి. వేగం కోసం చేసిన పని నమ్మకాన్ని దెబ్బతీస్తుంది.

ఇంత జాగ్రత్త పడినా కొన్ని పరీక్షలు ఒకసారి ఉత్తీర్ణమై మరోసారి తప్పుతాయి. వీటిని నిలకడలేని పరీక్షలు అంటారు. వీటికోసం వెబ్‌కిట్‌లో అంచనాల ఫైలు ఒకటి ఉంటుంది. ఏ పరీక్ష ఏ వేదికపై, అంటే ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌పై, విఫలమవుతుందో, ఏది కూలిపోతుందో, దేన్ని పూర్తిగా దాటవేయాలో అందులో నమోదు చేస్తారు. ఆశించిన ఫలితాలను కూడా వేదికలవారీగా అంచెలంచెలుగా భద్రపరుస్తారు: ఐఓఎస్‌కు ప్రత్యేక ఫలితం ఉంటే స్క్రిప్టు దాన్ని తీసుకుంటుంది, లేకపోతే అందరికీ ఉమ్మడిగా ఉన్న ఫలితాన్ని తీసుకుంటుంది. అంచనాల ఫైలు అవసరమైనదే అయినా ప్రమాదకరమైనది కూడా; విఫలమయ్యే ప్రతి పరీక్షనూ అందులో చేర్చుకుంటూ పోతే ఆ జాబితాయే మరమ్మతుకు ప్రత్యామ్నాయంగా మారుతుంది. కనుక ప్రతి నమోదు పక్కన, ఆ దోషాన్ని ఎక్కడ విచారిస్తున్నారో చూపే సంఖ్యను ఉంచడం ఆ బృందంలో ఆనవాయితీ.

ఎవరైనా కోడ్‌లో మార్పు ప్రతిపాదించినప్పుడు, దాన్ని ప్రధాన కోడ్‌లో కలపడానికి ముందే ముందస్తు హెచ్చరిక వ్యవస్థ అనే యంత్రాల సమూహం ఆ మార్పును తీసుకుని, వేర్వేరు వేదికలపై తయారుచేసి, ఐఓఎస్ సిమ్యులేటర్‌పై కూడా పరీక్షలను నడుపుతుంది. ప్రపంచంలో ఏ మూలనుంచైనా మార్పు పంపే వ్యక్తికి ఐఫోన్ గానీ మ్యాక్ గానీ లేకపోయినా, తన మార్పు అక్కడ ఏం చేస్తుందో తెలిసేది ఈ ఏర్పాటు వల్లనే.

సిమ్యులేటర్ చెప్పలేనివి

సిమ్యులేటర్ సాక్ష్యానికి హద్దులున్నాయి. మ్యాక్ ప్రాసెసర్, మ్యాక్ మెమొరీ వాడుకునే సిమ్యులేటర్‌పై వేగాన్ని కొలిస్తే తెలిసేది మ్యాక్ వేగమే. తక్కువ మెమొరీ ఉన్న ఫోన్‌లో పెద్ద పేజీని ఆపరేటింగ్ సిస్టమ్ మధ్యలోనే ముగించడం, వేడెక్కిన ప్రాసెసర్ నెమ్మదించడం, బ్యాటరీ తరిగిపోవడం వంటివి అక్కడ కనిపించవు. తెరపై వేలితో తాకినట్టు, రెండు వేళ్లతో సాగదీసినట్టు సంఘటనలను స్క్రిప్టు కల్పించగలదు గానీ, నిజమైన వేలి తడబాటును కల్పించలేదు. అందుచేత పేజీ రూపం, జావాస్క్రిప్టు ప్రవర్తన, కూలిపోని తనం వంటి ప్రశ్నలకు సిమ్యులేటర్‌ను, వేగం, మెమొరీ, విద్యుత్తు వంటి ప్రశ్నలకు నిజమైన ఫోన్లను ఆశ్రయించడమే సరైన పని విభజన.

తెలుగు అక్షరం నేర్పిన పాఠం

ఈ వ్యవస్థకూ తెలుగు పాఠకులకూ ఉన్న సంబంధం 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటికీ తెలిసింది. ఐఓఎస్ 11 నడుస్తున్న ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరసముదాయం సందేశంగా వచ్చిన వెంటనే దాన్ని చూపించబోయిన యాప్ కూలిపోయేది. కంటికి అది ‘జ్ఞా’ అన్నట్టే ఉంటుంది. కానీ ‘జ్ఞానం’ అనే మాటలో మామూలుగా రాసే అక్షరం కాదు. జకారం, పొల్లు, ఞకారం తర్వాత, దీర్ఘానికి ముందు, కంటికి కనిపించని ఒక సంకేతం అందులో చేరి ఉండేది. అక్షరాలను కలవకుండా విడదీయమని చెప్పడానికి యూనికోడ్ అనే అక్షర సంకేత ప్రమాణంలో ఏర్పరచిన శూన్యవెడల్పు సంకేతం అది. ఈ వరుసను ఆకృతిగా మార్చబోయిన కోర్‌టెక్స్ట్ అనే యాపిల్ కోడ్ సంపుటం మెమొరీని చెడగొట్టుకునేది. 2018 ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6 ఆ దోషాన్ని సరిదిద్దింది.

తెలుగులో ఒక హల్లు కింద మరో హల్లు వత్తుగా చేరడం, గుణింతపు గుర్తు అక్షరం తలకట్టు స్థానాన్ని ఆక్రమించడం, వరుస ఎత్తు పెరగడం వంటివన్నీ అక్షరాలను పక్కపక్కన పేర్చే లెక్కకు లొంగవు. ప్రతి సముదాయాన్నీ ఫాంటులోని నియమాలతో ఒక ఆకృతిగా కూర్చాలి. చతురస్రాల అహెమ్ ఫాంటు ఎంత ఉపయోగకరమైనా ఇలాంటి దోషాన్ని ఎన్నడూ బయటపెట్టలేదు. నిజమైన తెలుగు ఫాంటుతో, నిజమైన అక్షర సముదాయాలతో, సాధారణ వాడుకలో రాని కలయికలతో కూడా రాసిన పరీక్షలు విడిగా అవసరం. ఇక్కడ కూలుడు పరీక్ష చాలు: ఆ అయిదు సంకేతాలున్న ఒక చిన్న పేజీ, తెరిచాక ఇంజిన్ బతికి ఉందా అన్న ఒకే ప్రశ్న.

అయితే దోషం దాగి ఉన్నది వెబ్‌కిట్‌లో కాదు, రన్‌టైమ్‌తో వచ్చే కోర్‌టెక్స్ట్‌లో. అభివృద్ధికారుడు ఇంజిన్‌ను ఎంత కొత్తగా తయారుచేసుకున్నా, అక్షరాలను కూర్చేది ఎంచుకున్న రన్‌టైమ్‌లోని సంపుటమే కనుక, అదే పేజీ, అదే ఇంజిన్ ఒక రన్‌టైమ్‌పై కూలిపోయి, సరిదిద్దిన మరో రన్‌టైమ్‌పై నిలబడగలవు. అందువల్ల ఒక పరీక్ష ఉత్తీర్ణమైందన్న మాట దానంతట అది పూర్తి వాక్యం కాదు. ఏ ఫోన్ రకంపై, ఏ రన్‌టైమ్‌తో, ఏ భాషా ప్రాంతాల అమరికతో ఉత్తీర్ణమైందో ఫలితం పక్కనే నమోదైనప్పుడే, మరో నగరంలో మరో యంత్రంపై మరొకరు అదే పరీక్షను నడిపి అదే జవాబు వచ్చిందో లేదో సరిచూడగలుగుతారు.